తడిగుడ్డ తీర్పు

ఇప్పపూల కాలంలో ఎర్రబోరు ఊరి చుట్టుపక్కల ఎవరి కాళ్ళ మీద దద్దుర్లు లేచినా ఎందుకని అడిగేవారుండరు. ఎర్రచీమలు కుట్టాయంటారు, నూనె రాస్తారు, తెల్లవారకముందే మళ్ళీ చెట్టుకిందికి పోతారు. అందుకే ఆ ఊళ్ళోని ఒక ఇంటి పెద్దకోడలు నవీన చీలమండల మీది దద్దుర్లనూ ఎవరూ పట్టించుకోలేదు. బుట్టనిండా పూలు ఏరేది ఆమె, కుట్టించుకునేదీ ఆమె.

అత్తగారు భద్రమ్మ కాళ్ళ మీద కూడా దద్దుర్లు లేచిన రోజున మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడింది. మోకాలి నొప్పితో ఈ ఏడు ఆమె గడప దాటనే లేదు.

"చీమలు నాకోసం ఇంటిదాక నడిచొచ్చినయా ఏంది?" అంటూ భద్రమ్మ కాలు గోక్కుంది. "ఇవి ఎగిరే పేలు. కుక్కవన్నా కావాలె, పిల్లివన్నా కావాలె. చూడుండ్రి, ఎట్ల వరుసపెట్టి కుట్టినయో!"

నవీన చూపు తిన్నగా చిన్నకోడలు స్రవంతి ఒడిలోకి పోయింది. అక్కడ తెల్లపిల్లి కళ్ళు మూసుకుని గురగురలాడుతోంది. స్రవంతి నీళ్ళోసుకుంది కనుక ఆమెకు చెట్టు లేదు, బుట్ట లేదు, బరువు లేదు. అత్తమ్మ పక్కన కూర్చుని విస్తళ్ళు కుట్టడం, కబుర్లు చెప్పడం, తల దువ్వించుకోవడం. మధ్యాహ్నం ఎండలో బుట్ట దించుకుంటూ నవీన ఆ ఇద్దరి నవ్వులూ వినేది. తన తలను అత్తమ్మ ఏనాడు ముట్టింది?

"పిల్లే అత్తమ్మా. పొద్దంత మీ మంచం చుట్టే తిరుగుతది."

"ఏంది అక్కా గిది! అడవంత తిరిగొచ్చేది నీ కుక్క కాలూ. నింద నా పిల్లికా?"

కాలూ నల్లకుక్క. కిష్టారంలో నవీన పుట్టింటి వాకిట పుట్టి, పెళ్ళయ్యాక ఆమె వెంట వచ్చింది. పుట్టింటిదని చెప్పుకోవడానికి ఈ ఇంట ఆమెకు మిగిలింది అదొక్కటే.

భద్రమ్మ చేయెత్తింది. "లొల్లి ఆపుండ్రి. ఏది తెచ్చిందో అది చింతలనార్ల ఉన్న మా తమ్ముని దొడ్డికి పోతది. నవీనా, మీ అయ్య మేకలకు తడిగుడ్డ మీద చూస్తడు గద. గట్లనే చూడు."

పేలదువ్వెన, రెండు తెల్లగుడ్డలు పట్టుకుని నవీన బోరింగు దగ్గరికి పోయింది. పని చిన్నదే. బొచ్చు దువ్వి, రాలిన నల్లనలుసులను తడిగుడ్డ మీద వేయాలి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. పేలు విసర్జించినదైతే అవి తాగిన నెత్తురు నీటిలో కరిగి ఎర్రగా పాకుతుంది.

పిల్లి రాల్చినది మట్టిగానే మిగిలింది. కాలూ రాల్చిన నలుసుల చుట్టూ మాత్రం చూస్తుండగానే ఎరుపు విచ్చుకుంది. కాలూ ఏమీ ఎరుగక ఆమె మోచేయి నాకింది. చింతలనార్ దారి ఆమె కళ్ళముందు కదిలింది. స్రవంతి ఒడిలో నిశ్చింతగా నిద్రపోయే పిల్లీ కదిలింది. అన్నీ ఆమెకేనా?

లోపలికి వచ్చి ఎర్రబడిన గుడ్డను చాచింది. "గిది పిల్లిది అత్తమ్మా."

భద్రమ్మ గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టింది. రెండు వేళ్ళతో మెల్లగా ఒక వెంట్రుక లాగింది. నల్లటి వెంట్రుక.

"తెల్లపిల్లికి నల్లబొచ్చు ఎప్పుడు మొలిచిందే?"

స్రవంతి పకపకా నవ్వింది. "అక్కా, అబద్ధాన్ని కూడ జర దువ్వి తేవాల్సింది!"

నవీన తలవంచుకుంది. "దాన్ని పంపకుండ్రి అత్తమ్మా" అంది.

"పంపితే నా కాళ్ళకాడ ఎవరు పండుకుంటరు?" అంది భద్రమ్మ.

స్రవంతి నవ్వు ఆగిపోయింది.

"నవీనా, కాలూ చెట్టుకాడనుంచి నీకంటె ముందే ఉరికొస్తది. స్రవంతి స్నానానికి పోయినప్పుడు మంచమెక్కుతది. ఇంత జావ పోస్త. ముసల్ది కుక్కను మంచమెక్కించిందని నవ్వుతరని ఎవరికీ చెప్పలే. తప్పు నాది కూడ. ఏదీ యాడికీ పోదు. బొంతలన్ని ఉడకబెట్టుండ్రి. పశువుల డాక్టరును అడిగి దేని మందు దానికి తెప్పియ్యుండ్రి."

నవీన సంతోషించాలి. కాని బొంతలు మరిగే నీళ్ళలో ముంచుతున్నా, చాపలు ఎండలో దులుపుతున్నా, మంచం నులక సందులు ఊడుస్తున్నా ఆమెకు అత్తమ్మ మంచమెక్కిన కాలూయే గుర్తొస్తోంది. ఊరి మీద తిరగడానికి పోయిందనుకున్న కుక్క, తాను అడగడానికి సిగ్గుపడిన చోటికి అడగకుండానే పోయింది. నిన్నటిదాకా ఈ ఇంట ఆమెకు ఒక్కతే పోటీ, ఇప్పుడు ఇద్దరు.

మందు వేసిన కొద్దిరోజులకు ఇంట్లో గోకుడు తగ్గింది. ఆ ఉదయం చెట్టుకింద బుట్ట సగమైనా నిండకముందే కాలూ చెవులు రిక్కించి ఇంటి దారి పట్టింది. నవీన దాని మెడతాడు అందుకుంది. అది ఇంటివైపే గుంజింది. నేలమీద ఇంకా తెల్లగా పరుచుకుని ఉన్న పూలను ఒకసారి చూసి, ఆమె బుట్ట నెత్తికెత్తుకుని దానితోపాటే నడిచింది.

"ఏంది అక్కా, పూలన్ని పందులకు ఇడిసినవా?" అంది వాకిట్లో స్రవంతి.

నవీన కాలూను గుంజకు కట్టి, కాళ్ళు కడుక్కుని, అత్తమ్మ మంచం చివర కుక్కకు చోటు మిగలకుండా కూర్చుంది. భద్రమ్మ ఆమె ముఖంలోకి చూసి, కాళ్ళు కొంచెం పక్కకు జరుపుకుంది.

గుంజ దగ్గర కాలూ మూలిగింది.

"మూలుగు, మూలుగు" అంది నవీన పెదవి కదలకుండా. "ఇన్నిరోజులు నీకు జరిగింది."