ఎవరి కుర్చీ వాళ్ళే

పేట హాలు ఊడ్చే హాలక్క పళ్ళ డాక్టరమ్మ ఇంటికి వచ్చేసరికి అప్పటికే తొమ్మిది ఇళ్ళు పూర్తి చేసింది. కొంగు నడుముకు దోపి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, గేటు గొళ్ళేన్ని రెండుసార్లు టకటకలాడించింది.

“డాక్టరమ్మా, సాయంత్రం అయిదున్నరకి పేట మీటింగు. ఒక కుర్చీ కావాలి.”

“పోయిన నెల ఇచ్చాను కదక్కా.”

“ఇచ్చారు, తిరిగి పట్టుకెళ్ళారు. హాల్లో కుర్చీల్లేవు, నన్నేం చెయ్యమంటారు? పళ్ళు చూసేటప్పుడు మీరు కూర్చునే చక్రాల కుర్చీ తెండి. దొర్లించుకుంటూ వచ్చెయ్యొచ్చు.”

డాక్టరమ్మ నవ్వి సరేనంది. హాలక్క రిజిస్టరులో టిక్కు పెట్టుకుని పక్కింటికి నడిచింది. మీటింగుకు రండి అని ఆమె ఎవరినీ పిలవదు. ఈ పదకొండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు.

హాల్లో కుర్చీల్లేవన్నది పచ్చి అబద్ధం. వెనక గదిలో నలభై రెండు ఇనుప కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పాత పరదా కప్పి ఉన్నాయి. ఆ గది తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. అబద్ధమాడడం తప్పని ఆమెకు తెలుసు. అయితే నెలకొక్కసారి, అదీ ఒకే ఒక్క అబద్ధం ఆడితే దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడని ఆమె నమ్మకం.

ఆమె పొట్టి మనిషి. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు కనుక నడిచేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతుంది. ఫినాయిలు నీళ్ళలో నాని నాని అరచేతులు గీతలు గీతలుగా పగిలాయి. భర్త చనిపోయిన ఏడాదే ఈ పేట హాలు ఊడ్చే పనిలో చేరింది. పిల్లల్లేరు. ఇరవై రెండేళ్ళుగా తెరవడం, ఊడ్చడం, మూయడం, ఇదే ఉద్యోగం. ఈ రోజుతో అరవై నిండుతున్నాయి. ఉద్యోగం కూడా ఈ రోజుతోనే సరి.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే చేసింది. బోర్డుకు నోటీసు అంటించి, కుర్చీలన్నీ వరసగా వేసి, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చాడు. నెలనెలా అదే తంతు. ఒకసారి మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు ఏదో పరీక్షకని కుర్చీలన్నీ పట్టుకుపోయారు. గత్యంతరం లేక ఇంటింటికీ తిరిగి తలా ఒక కుర్చీ అడిగింది. కుర్చీతోపాటు మనుషులు కూడా వచ్చారు. సొంత కుర్చీని పరాయి చోట వదిలేసి ఎవరూ లేచిపోరు, అందుకని చివరిదాకా కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు మాట్లాడారు. ఆరిన వీధిదీపాల సంగతి ఒకరు చూస్తామన్నారు, మొక్కలకు నీళ్ళు పోస్తామని ఇంకొకరు ఒప్పుకున్నారు. ఆఫీసు కుర్చీలు తిరిగొచ్చిన రోజున హాలక్క వాటిని వెనక గదిలో పెట్టి తాళం వేసేసింది.

ఈ రోజు మీటింగు మాత్రం మామూలుది కాదు. ఆఫీసులో కొత్త నిబంధన పెట్టారు. మీటింగు ముగిసేసరికి హాల్లో కనీసం ముప్పైమంది నివాసులు ఉండి, ఆఫీసునుంచి వచ్చే అధికారి ముందు సంతకాలు పెట్టాలి. లేకపోతే హాలుని గోదాము చేసేస్తారు. పక్క పేటల్లో రెండు హాళ్ళు అలాగే పోయాయి. ఉదయం పేపరు చదువుకునేవాళ్ళు, మధ్యాహ్నం కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు, బీపీ చూపించుకునే ముసలివాళ్ళు అందరూ రోడ్డున పడతారు. వెళ్ళేముందు తన హాలు గోదాము కావడం చూడాల్సివస్తుందేమోనని ఆమెకు వారం రోజులుగా భయంగానే ఉంది. ఆ భయం ముఖంలో కనపడనీయలేదు.

మూలింటి అన్నదమ్ములకు ఆరేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ వసారా మధ్య గోడ కట్టారు కానీ, తాతలనాటి బల్ల మాత్రం గోడకు అటూ ఇటూ కాకుండా గుమ్మం ముందు ఉండిపోయింది. హాలక్క ప్రతి నెలా ఆ బల్లే అడుగుతుంది. అది ఇద్దరు మోస్తేగాని కదలదు.

“బల్ల పంపించండి నాయనా.”

“వాణ్ణి అడగండి” అన్నాడు అన్న.

“అడిగాను. నిన్ను అడగమన్నాడు.”

చిట్టచివరిది కండక్టరు ఇల్లు. బస్సు దిగి పన్నెండేళ్ళయినా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. భార్య పోయాక ఒంటరి. ఆయనకున్నది చేతుల టేకు కుర్చీ ఒక్కటే, దాని బరువు దూడంత ఉంటుంది. ఆయన దాన్ని భుజాన వేసుకుని, దారిలో మూడుచోట్ల దించుకుంటూ తెస్తాడు.

“అన్నయ్యగారూ, ఈసారి ఎవరిదైనా తేలికది అడిగి తెచ్చుకోండి. నడుం పట్టేస్తుంది.”

“నా కుర్చీ సంగతి నాకొదిలెయ్యమ్మా” అన్నాడాయన.

అయిదున్నరకల్లా వీధి వీధంతా కుర్చీలతో కదిలింది. డాక్టరమ్మ చక్రాల కుర్చీ గుంటలన్నిట్లో పడుతూ వచ్చింది. అన్నదమ్ములు చెరో వైపు చూస్తూ, అడుగులో అడుగు వేస్తూ బల్లను తెచ్చారు. హాల్లో ఎత్తు కుర్చీ, పొట్టి కుర్చీ, పీట, స్టూలు, బల్ల అన్నిటిమీదా కలిపి ముప్పై ఏడుమంది కూర్చున్నారు. హాలక్క ఎప్పటిలాగే కూర్చోకుండా గుమ్మం పక్కన నిలబడింది.

అధికారి రాలేదు. ఆరయింది, ఆరున్నరయింది. బయట సన్నగా జల్లు మొదలైంది. ఎవరికి వాళ్ళు గడియారం చూసుకుంటున్నారు కానీ, వానలో కుర్చీ నెత్తినపెట్టుకుని పోవడం ఎవరికి ఇష్టం? పోయిన నెల నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో చెప్పుకుంటూ కూర్చున్నారు. ఆరూ నలభైకి అధికారి గొడుగు ముడుస్తూ వచ్చాడు. కుర్రవాడు, పద్ధతిగలవాడు. హాలు నిండుగా ఉండడం చూసి కాస్త తడబడ్డాడు. తరవాత చేతిలోని కాగితాలు తిరగేశాడు.

“ఇళ్ళనుంచి తెచ్చుకున్నారేంటండీ? ఈ హాలుకి నలభై రెండు కుర్చీలున్నట్టు స్టాకు రిజిస్టరులో ఉందే. ఏమయ్యాయి?”

హాలక్క తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది. పదకొండేళ్ళ గుట్టు, సంతకాలకు అయిదు నిమిషాల ముందా రట్టవ్వాలి? ఇంతమందిని ఇన్నేళ్ళు మోసం చేసిందని కోపమొచ్చి అందరూ లేచిపోతే, హాలు తన చేతులతో తనే పోగొట్టినట్టవుతుంది.

“వెనక గదిలో ఉన్నాయండి” అన్నాడు బల్ల మీద కూర్చున్న అన్న.

హాలక్క అతనివైపు తిరిగింది.

“పేటలో అందరికీ మూడేళ్ళనుంచీ తెలుసండి” అన్నాడు బల్లకు ఆ చివర తమ్ముడు, అధికారివైపే చూస్తూ. “అక్క వాళ్ళ చెల్లెలికి ఆపరేషనయితే పది రోజులు ఊరెళ్ళింది. ఆ వారమే పెద్ద వాన. ఆ గది కురిసింది.”

“తాళం జోలికి పోలేదండి. గడియ స్క్రూలు విప్పాం. కుర్చీలన్నీ ఎండలో ఆరబెట్టి, తుడిచి, మళ్ళీ అలాగే పేర్చాం” అన్నాడు అన్న.

“స్క్రూలు బిగించింది నేను” అన్నాడు తమ్ముడు.

“మరి ఎందుకండీ ఇదంతా మోసుకురావడం?” అన్నాడు అధికారి.

“అక్క అడిగిందండి” అంది డాక్టరమ్మ, అదే సమాధానం అన్నట్టు.

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వు ఆపుకోలేక కాగితం ముందుకు జరిపాడు. ముప్పై ఏడుమంది సంతకాలు పెట్టారు. హాలు హాలుగానే ఉంటుందని అతను కింద రాసి ముద్ర వేశాడు. హాలక్క కళ్ళు తుడుచుకుంది. మూడేళ్ళు తను వాళ్ళకు అబద్ధం చెబుతోంటే, వాళ్ళు తెలియనట్టు నటించారు. ఎవరు ఎవర్ని మోసం చేసినట్టో ఆమెకు అంతుపట్టలేదు.

జల్లు ఆగింది. కుర్చీలు వచ్చినదారినే వెళ్ళిపోయాయి. తాళాలు డాక్టరమ్మకు అప్పగించి, హాలక్క తన రెండు సంచులు వరండాలోకి తెచ్చుకుంది. చెల్లెలి ఊరికి ఎనిమిదింటి బస్సు. ఆటో ఇంకా రాలేదు. కండక్టరు మాత్రం ఇంటికి పోకుండా తన టేకు కుర్చీ మోసుకొచ్చి ఆమె పక్కన వేశాడు.

“కూర్చోమ్మా. ఇన్నేళ్ళూ నిలబడే ఉన్నావు.”

ఆమె కూర్చుంది. మోకాలు చాపుకుంటే హాయిగా అనిపించింది.

“మీకూ తెలుసా అన్నయ్యగారూ?”

“తెలుసు.”

“తెలిసీ ఇంత బరువు ఎందుకు మోశారు?”

ఆయన కుర్చీ మోసిన భుజాన్ని రుద్దుకున్నాడు.

“రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడగలేదమ్మా. నువ్వొక్కదానివే అడిగావు. వచ్చే నెల ఎవరడుగుతారో ఏమో.”

హాలక్క చంకలోని రిజిస్టరు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“మీరే అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. ముప్పై ఏళ్ళు బస్సునిండా జనాన్ని టికెట్ టికెట్ అని అడిగినవారు, కుర్చీ అడగడం మీకో లెక్కా?”

ఆయన రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీలోంచి ఇళ్ళ వరస చదవడం మొదలుపెట్టాడు. ఆటో వచ్చింది. ఆమె సంచులు తీసుకుని, “వస్తానన్నయ్యగారూ” అంది. ఆయన తలెత్తి, చెయ్యి ఊపాడు. ఆటో మలుపు తిరిగాక, రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఏ ఇంటినుంచి మొదలుపెట్టాలో వేళ్ళమీద లెక్కవేసుకుంటూ ఇంటిదారి పట్టాడు.

టేకు కుర్చీ వరండాలోనే ఉండిపోయింది, రోడ్డువైపు ముఖం పెట్టి, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినంత వెచ్చగా.