అమ్మకి మాడిందే ఇష్టం

ఓట్స్‌లో కోకో పొడి పడ్డాక గరిటె ఆపకూడదు. ఆపితే అంతే సంగతులు. పాలు అడుగంటుతాయి, అరటిపండు గుజ్జు గిన్నెకి అతుక్కుని నల్లబడుతుంది, ఇక గీకినా రాదు. ఈ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఖర్జూరాలు గింజలు తీసి ముందే నానబెట్టుకుంటుంది, పొద్దున లేస్తూనే వాటిని మెత్తగా రుబ్బుతుంది. చక్కెర బదులు అదే తీపి. కోకో పొడిని కాసిని గోరువెచ్చటి పాలలో విడిగా కలిపి, ఉండలు లేకుండా వేళ్ళతో నలిపి చూసుకుని, అప్పుడు పోస్తుంది. ఆపైన చిటికెడు ఉప్పు. తీపిలో ఉప్పేమిటి వదినా అని ఆడపడుచు ముక్కున వేలేసుకుంది గానీ, ఆ చిటికెడు పడితేనే చాక్లెట్ రుచి పైకి లేస్తుంది. ఇంత చేశాక సన్నని సెగ మీద పెట్టి, తిప్పుతూ నిలబడాలి. అంతే, నిలబడటమే. అదేం పెద్ద పని అంటారేమో. నిలబడనిస్తే కదా!

"ఏమోయ్, నా నీలం చొక్కా ఎక్కడ?"

బీరువాలో, కళ్ళెదురుగా, రెండో అరలో ఉంది. ఆ మాట పొయ్యి దగ్గర్నుంచి చెబితే ఆయనకి వినపడదు, వినపడినా కనపడదు. గరిటె వదిలి వెళ్ళి తీసిచ్చింది. తిరిగొచ్చేసరికి అడుగు పట్టేసింది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టిందో లేదో, "అమ్మా, నా బూటు ఒకటే ఉంది!" అని కొడుకు. రెండోది వాడి మంచం కింద ఉంది. అది పట్టుకొచ్చేలోపు, "అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా?" అని అత్తగారు. కళ్ళజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది.

మొత్తానికి ఓట్స్ అయ్యాయి. పైపైన గరిటె వేసి, అడుగు కదపకుండా, నాలుగు గిన్నెల్లో వడ్డించింది. భర్తకి చిక్కగా, పైన బాదం పలుకులు. కొడుక్కి పలుకులు తగలకూడదు, తగిలితే గిన్నె పక్కకి తోసేస్తాడు. అత్తగారికి పళ్ళు లేవు, ఇంకాసిని పాలు పోసి పల్చగా ఇవ్వాలి. కూతురికి పైన అరటిపండు చక్రాలు, అవీ ఒకదాని మీద ఒకటి పడకుండా పువ్వులా పేర్చాలి. ఎవరిది వాళ్ళకి పెట్టాక, పొయ్యి పక్కనే నిలబడి, గిన్నె అడుగున మాడినదాన్ని గీకి, తను తింది.

ఆమె పొద్దుటి తిండి ఎప్పుడూ అదే. ఏ పొరకి ఏ పేరో ఆమె నాలుకకి తెలుసు. బాగా నల్లబడిన ఈ చేదు నీలం చొక్కాది. జిగటగా పళ్ళకి అంటుకునేది బూటుది. పొగ వాసనేస్తున్నది కళ్ళజోడుది. పిలిచినవాళ్ళందరూ బల్ల దగ్గర కూర్చుని మెత్తనిది తింటుంటే, ఆ పిలుపుల్ని మాత్రం ఆమె ఒక్కతే తింటుంది.

అసలీ ఓట్స్ గొడవ భర్త ఒంట్లో చక్కెర పెరగడంతో మొదలైంది. డాక్టరమ్మ ఆయన్ని బాగా మందలించింది, పొద్దున్నే నూనె సరుకూ తీపి సరుకూ మానెయ్యమని. ఆయన అలిగి కూర్చున్నాడు. చాక్లెట్ లేని బతుకూ ఒక బతుకేనా అన్నాడు. ఆమె తంటాలు పడి, రెండుమూడు గిన్నెలు పారబోసి, చివరికి ఈ పాకం పట్టింది. ఇప్పుడాయన ఫోనులో స్నేహితులందరికీ అదే కథ. "నేను మొత్తం మార్చేశానురా! మనసు గట్టిగా ఉండాలంతే. కాస్త క్రమశిక్షణ, అంతకంటే ఏం లేదు!" ఆ క్రమశిక్షణ పక్కనే నిలబడి గిన్నె తోముతోందని ఆయనకి తోచనైనా తోచదు.

అలాగని ఆయన చెడ్డవాడేం కాదు. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే వచ్చిన చిక్కు. కొట్టేవాళ్ళూ తిట్టేవాళ్ళూ అయితే ఏడవడానికైనా ఒక దారుండేది. వీళ్ళందరికీ ఆమె అంటే ప్రేమే. ఆదివారాల్లో ఎప్పుడైనా భర్త వడ్డిస్తే, అడుగు జాగ్రత్తగా వదిలేసి, "ఇదిగోనోయ్, నీది నీకోసం ఉంచాను, ఎవర్నీ ముట్టనివ్వలేదు" అంటాడు. చుట్టాలొస్తే అత్తగారు, "ఆ గిన్నె కడక్కండమ్మా, మా కోడలికి మాడిందే ఇష్టం" అని కాపలా కాస్తుంది. పిల్లలు బళ్ళో "మా అమ్మ" అని వ్యాసం రాయమంటే, "మా అమ్మకి మాడిందే ఇష్టం" అని రాసొచ్చారు. ఇంత ప్రేమగా దాచిపెట్టిన దాన్ని వద్దని ఎలా అంటారు ఎవరైనా?

అయితే ఆ మాట ముందు అన్నది ఆమే. కొత్తగా కాపురానికి వచ్చిన వారం, అత్తగారు ఏదో జావ కాచి, అందరికీ పోసి, తను గిన్నె ముందేసుకుని అడుగు గీక్కుంటోంది. పెద్దావిడ మాడినది తింటుంటే తను మెత్తనిది తినడమేమిటని కొత్త కోడలికి ప్రాణం ఒప్పలేదు. "ఇటివ్వండి అత్తయ్యా, నాకు మాడిందే ఇష్టం" అంది. మర్యాదకి అన్న మాట అది. వద్దులే అమ్మా అంటుందనీ, ఇద్దరూ చెరి సగం తింటారనీ అనుకుంది. అత్తగారు వద్దనలేదు. గిన్నే గరిటే రెండూ ఆమె చేతిలో పెట్టేసి, కోడలి మెత్తని గిన్నె తను తీసుకుని బల్ల దగ్గరికెళ్ళి కూర్చుంది. అంతే. ఆ రోజు చేతిలో పడ్డ గిన్నె ఇప్పటిదాకా దిగలేదు. మర్యాదకన్న మాట మెల్లగా అలవాటైంది, అలవాటు గుణమైంది, గుణం అందరూ ముచ్చటగా చెప్పుకునే కథైంది. ఆ కథలో ఆమె ఇరుక్కుపోయింది. బయటికి రావాలంటే ఇన్నేళ్ళ ప్రేమనంతా అబద్ధమనాలి.

ఆమె కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దం మార్చి మార్చి, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడగడమే పని. అందుకే వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మ. ఏడ్చే పిల్లలూ, అడిగిందే అడిగే ముసలివాళ్ళూ వస్తే కొట్టు యజమాని ఆమె దగ్గరికే తోలుతాడు. "నీకు ఓపిక పుట్టుకతో వచ్చిందమ్మా" అంటాడు. ఓపిక పుట్టుకతో రావడమేమిటో, జీతం మాత్రం పక్క కుర్చీ కుర్రాడి కంటే తక్కువ రావడమేమిటో ఆమె అడగలేదు.

ఆవేళ కొట్లోకి టీ తెచ్చే ముసలమ్మ మారింది. కొత్తగా వచ్చినావిడ వాకిట్లో నిలబడి ఒక్కొక్కర్నీ అడుగుతోంది, ఎవరికెలా కావాలని.

"నీకమ్మా?"

"ఎలాగైనా పర్లేదు."

"ఎలాగైనా టీ నా దగ్గర లేదు తల్లీ. చక్కెర ఉందా, లేదా? చిక్కగానా, పల్చగానా?"

"మీ ఇష్టం."

"తాగేది నేనైతే నా ఇష్టం! ఇదేం పిల్లమ్మా, పెళ్ళిసంబంధం అడిగినట్టు సిగ్గుపడుతోంది!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ లోపల తడుముకుంది. చీకట్లో దీపం మీట కోసం గోడ తడిమినట్టు తడుముకుంది. అక్కడ ఏమీ తగల్లేదు. ఎదురు కుర్చీలో ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడిగింది. ఆయన "రెండోది" అన్నాడు, క్షణం ఆలోచించకుండా. ఎంత సులువుగా చెప్పేశాడో అని ఆయన్ని చూసి ఆమెకి అసూయ పుట్టింది.

మర్నాడు పొద్దున కొడుకు చొక్కా గుండీ ఊడింది. ఓట్స్ పొయ్యి మీదున్నాయి. "నువ్వెళ్ళమ్మా, నేను తిప్పుతాలే" అని కూతురు స్టూలెక్కి గరిటె అందుకుంది. ఇంకా స్టూలెక్కితేగాని పొయ్యి అందని పిల్ల. సన్నగా, గోలగోలగా ఉంటుందని పిచ్చుక అని పిలుస్తారు. ఆమె గుండీ కుట్టి, దారం పళ్ళతో తెంపి, గబగబా వచ్చేసరికి వడ్డన అయిపోయింది. తండ్రికి చిక్కగా, అన్నకి పలుకుల్లేకుండా, నానమ్మకి పల్చగా, ఎక్కడా తప్పు పోలేదు. నాలుగో గిన్నెలో అరటి చక్రాలు పువ్వులా పేర్చి ఉన్నాయి. ఆ గిన్నె తల్లి కోసం మూత పెట్టి ఉంచింది. పిచ్చుక మాత్రం వంటింటి గడప మీద కూర్చుని, మాడిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని గీకుతోంది.

"అదేమిటే, నీది తినకుండా?" అన్నాడు అన్న.

"నాకు మాడిందే ఇష్టం."

"ఎప్పట్నుంచే?"

"మొదట్నుంచీ" అని పిచ్చుక చిన్నగా నవ్వింది. తల కాస్త పక్కకి వంచి, కళ్ళు దించి, అచ్చం ఆమె నవ్వే నవ్వు.

"అమ్మ కూతురు అనిపించుకుంది!" అని తండ్రి మురిసిపోయాడు. "చూశావుటోయ్, నీ పోలికే!"

ఆమె చూస్తోంది. పిల్ల నమలట్లేదు. నల్లటి పెచ్చుని నాలుక కిందికి తోసి, మాత్ర మింగినట్టు నీళ్ళతో మింగుతోంది. ఆ మింగడం ఆమెకి తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా ఆమెకి తెలుసు.

ఆమె వంగి పిల్ల ఒళ్ళోంచి గిన్నె తీసింది. గీకిందంతా చెత్తబుట్టలో కొట్టేసింది. బల్ల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"నాకు మాడిందంటే ఇష్టం లేదు" అంది. "ఏ రోజూ లేదు."

భర్త నవ్వబోయి ఆగాడు. "ఊరుకోవోయ్. నీకోసం నేనే ఎన్నిసార్లు ఉంచలేదు? ఎంత ప్రేమగా ఉంచానో!" ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

"ఉంచారు. ప్రేమగానే ఉంచారు."

"మరైతే ఎలా చేస్తే నీకిష్టం? చిక్కగానా, పల్చగానా? చెప్పు!"

రోజంతా ఊళ్ళో వాళ్ళని ఇదా అదా అని అడిగే మనిషికి, ఆ ప్రశ్నే ఎదురు తిరిగింది. మూత పెట్టి ఉన్న నాలుగో గిన్నె వంక చూసి అంది:

"తెలీదండీ. నేనింకా తినలేదు."

అత్తగారు తన గిన్నెలోకి చూస్తూ చెంచాతో ఊరికే గీతలు గీస్తోంది.

ఆ తర్వాతి పొద్దున కోకో పాలు పోసిందో లేదో, లోపల్నుంచి కేక. "ఏమోయ్, నా తువ్వాలేదీ?"

ఆమె కాలు దానంతటదే గుమ్మం వైపు తిరిగింది. గరిటె మాత్రం వదల్లేదు. వెళ్ళకపోతే ఇల్లు కూలిపోతుందేమో అనిపించింది. "పొయ్యి దగ్గరున్నాను" అంది. అంత మెల్లగా అంటే ఆయనకేం వినపడుతుంది? "ఏమోయ్!" అని రెండో కేక, ఈసారి విసురుగా.

"నీ పెళ్ళాం పొయ్యి దగ్గరుందిరా!" బల్ల దగ్గర్నుంచి అత్తగారు గట్టిగా అరిచింది. "నీకు చేతులున్నాయిగా, వెతుక్కో!" అని, గొంతు తగ్గించి ఆమెతో అంది: "తిప్పు, తిప్పు. నీకంటే ముందు ఆ గిన్నె గీకినదాన్ని, నాకు తెలీదుటే?"

లోపల తలుపులు ధడధడలాడాయి. కొడుకు ఒక కాలికి బూటుతో కుంటుతూ తిరిగాడు. భర్త తడి తలతో, మూతి ముడుచుకుని వచ్చి కూర్చున్నాడు. ఆమె ఆఖరి దాకా తిప్పి, పొయ్యి ఆర్పి, నాలుగు గిన్నెల్లో పోసింది. తనకి పోసుకుందామంటే ఐదో గిన్నె లేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ కొనలేదు, దాని అవసరమే ఎవరికీ రాలేదు. పెద్ద టీ కప్పు ఒకటి తీసుకుని అందులో పోసుకుంది.

పిచ్చుక చెంచా పట్టుకుని వంటింట్లోకి వచ్చి, గిన్నెలోకి తొంగి చూసింది.

"అమ్మా, అడుగున ఏం లేదు!"

"లేదు. వెళ్ళి నీది తిను."

కప్పు పట్టుకుని ఆమె కూడా బల్ల దగ్గరికొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుంటే అక్కణ్ణుంచి కిటికీ కనిపిస్తుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియలేదు. భర్త తల ఎత్తలేదు. పిచ్చుక మాత్రం తన గిన్నె ముట్టుకోకుండా తల్లి నోటివంకే చూస్తోంది. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. తొందరపడి మింగలేదు. ఇంకో చెంచా తింది.

"బాగుందా అమ్మా?"

ఆమె ఆలోచించింది, కుర్చీలో కూర్చుని అద్దాలు చూసే మనిషిలా.

"నాకు తీపి ఎక్కువైంది" అంది.