బానెట్ మీద గీత

అమ్మకానికి పెట్టిన కారు మరీ తళతళలాడుతోందంటే నాకు ఒళ్లు మండుతుంది. పైన పటారం, లోన లొటారం. ఆరేళ్ల క్రితం అలా మెరిసే బండినే నేనే చూసి, నేనే మెచ్చి మా అమ్మాయి బోగ్నాకు కొనిపించాను. అమ్మినవాడు దాన్ని జర్మనీ నుంచి తెచ్చాడట, తనకు అమ్మేటప్పుడు అక్కడి ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. మా పోలెండులో పాత కార్లమ్మే ప్రతివాడూ చెప్పే కథే అది. తెలిసి తెలిసీ నమ్మాను. రెండు నెలలు తిరక్కుండా వానలో బ్రేకు వేస్తే బండి అడ్డం తిరిగి చెట్టుకు కొట్టుకుంది. పిల్లకు భుజం ఎముక విరిగింది. అది రెండు కార్ల ముక్కలు తెచ్చి అతికించిన బండి అని మెకానిక్ చెబితే గానీ నాకు తెలియలేదు.

అప్పటినుంచి రంగు మందం కొలిచే మీటరు జేబులో లేకుండా ఏ కారు దగ్గరికీ వెళ్లను. ఫ్యాక్టరీ రంగైతే వంద మైక్రాన్లు, కాస్త అటూ ఇటూ. మూడొందలు చూపించిందా, కింద ఏదో గాయం ఉన్నట్టే.

ఆ శనివారం పొద్దున మేం చూడబోయింది పదకొండో కారు. బోగ్నా నర్సు. సోమవారం నుంచి నలభై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రిలో తెల్లవారుజాము డ్యూటీ, ఆ వేళకు బస్సు లేదు. బండి లేకపోతే ఆ ఉద్యోగం లేదు. పది కార్లు నేను వద్దన్నాను.

"ఇవాళ కూడా కోడిగుడ్డుకు ఈకలు పీకావంటే నాన్నా, ఇక నిన్ను ఎక్కడికీ తీసుకురాను," అంది దారిలో.

"ఈకలుంటే పీకుతాను, లేకపోతే నాకేం పని?"

"ఉన్నా లేకపోయినా పీకుతావు. నా ఎముక విరిగిందని కాదు నీ బాధ, నువ్వు మోసపోయావని."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. జేబులో మీటరు ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

కారు యజమాని పేరు సెవెరిన్. డెబ్బై దాటిన మనిషి, పియానోలు శ్రుతి చేసి బతికాడట. లిలాక్ పూల పొదల పక్కన, కంకర పరిచిన వాకిట్లో కారు నిలబెట్టాడు. ముదురు నీలం. అందులో మా ఇద్దరి మొహాలూ, పైన ఆకాశంతో సహా, స్పష్టంగా కనిపించాయి. అయిపోయింది, ఇందులో ఏదో ఉంది అనుకున్నాను.

"ఎందుకమ్ముతున్నారు?" అన్నాను, నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా.

"కళ్లు పోతున్నాయండీ. ఎదురుగా ఏదో మసక తప్ప కనిపించదు. డాక్టరు లైసెన్సు లాగేసుకున్నాడు."

"కళ్లు కనిపించని మనిషి కారునింత అద్దంలా ఎలా తోమారు?"

"నాన్నా!" అంది బోగ్నా పళ్ల బిగువున.

ఆయన నొచ్చుకోలేదు. పైగా ఉషారొచ్చింది. కారు తోమడం జీవితంలో మొదటిసారి మొన్న మార్చిలోనే నేర్చుకున్నాడట. "అంతకుముందు చీపురుతో కడిగేవాణ్ణి, సిగ్గుచేటు. రెండు బకెట్లు పెట్టుకోవాలండీ. ఒకదాంట్లో సబ్బు నీళ్లు, ఒకదాంట్లో గుడ్డ జాడించే మంచినీళ్లు. పైనుంచి కిందికి కడగాలి. చక్రాల గుడ్డ వేరు, ఒంటి గుడ్డ వేరు. కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తడమాలి. కంటికి కనపడని మురికి కూడా వేళ్లకు గరగరమని తెలిసిపోతుంది. అది కార్ల కోసమే అమ్మే బంకమట్టి ముద్దతో తీసి, ఆ తరవాతే పాలిష్, చివర మైనం. తొందరపడితే అన్నీ గీతలే. మూడు వారాలు పట్టింది నాకు."

ఎంత బాగా చెబితే నాకు అంత అనుమానం. మీటరు తీశాను. తలుపులు నూట ఐదు, నూట పది. వెనక డిక్కీ తొంభై ఎనిమిది. పైకప్పు వంద. ఎక్కడా మూడొందలు లేదు. సంతోషించాల్సింది పోయి నాకు చిరాకెత్తింది.

"పన్నెండింటికి ఇంకొకాయన వస్తున్నాడు," అన్నాడు సెవెరిన్ మెల్లగా. "తొందరపెట్టడం లేదు. కానీ ఒక్కటి చెబుతాను. మనసుకు నచ్చినవాళ్లకే ఇస్తాను. ఇది నా చేత్తో చేసిన ఆఖరి పని."

మనసుకు నచ్చడమట! ఇదింకో కొత్త నాటకం అనుకున్నాను. పాలిష్‌లో నూనెలుంటాయి. అవి గీతల్లోకి దూరి వాటిని కప్పేస్తాయి. స్పిరిట్‌తో తుడిస్తే చాలు, దాచినదంతా బయటపడుతుంది. సంచిలోంచి స్పిరిట్ సీసా, గుడ్డా తీశాను. సెవెరిన్, బోగ్నాకు బండి కాగితాలు చూపిస్తూ గుమ్మం దగ్గర ఉన్నాడు. మూత తీయబోతే గుడ్డ జారి కంకరలో పడింది. తీసి ఒక్కసారి దులిపి, స్పిరిట్ పోసి, బానెట్ మీద గట్టిగా అదిమి రుద్దాను.

కర్ మని చప్పుడైంది.

గుడ్డ తీసి చూస్తే జానెడు గీత. నీలం మీద తెల్లగా. గుడ్డ చటుక్కున కోటు జేబులో కుక్కేశాను. ఆలోచించి చేసిన పని కాదు, చెయ్యే చేసేసింది.

ఆ చప్పుడు విన్నట్టున్నాడు, శ్రుతులు పట్టిన చెవులు కదా, ఆయన వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వేళ్లు మెల్లగా జరిగాయి. గీత దగ్గర ఆగాయి. గోరుతో మళ్లీ ఒకసారి గీకి చూశాడు.

"ఇదేమిటి? గీతా ఇది?"

"పాతదేనేమో," అన్నాను. "స్పిరిట్ వేస్తే బయటపడింది. పాలిష్ కింద దాగుంటాయి ఇలాంటివి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. ఆయనకు కనిపించలేదు. బోగ్నాకు కనిపించింది. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆరేళ్ల క్రితం ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా అది నన్నలా చూడలేదు.

సెవెరిన్ తన రెండు చేతులూ మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. "అయితే నేనే గీసి ఉంటాను. నా గుడ్డలో ఇసుక రేణువు ఉండి ఉంటుంది. నిన్న సాయంత్రం అంతా తడిమి చూశానే, నున్నగా ఉందే! చేతులు కూడా పోతున్నాయా నాకు?" "క్షమించమ్మా. ధర తగ్గించుకో, ఎంత న్యాయమనిపిస్తే అంత. లేదంటే వద్దులే, వెళ్లిపో. చెడిపోయిన సరుకు నీకంటగట్టను."

నోరు మూసుకుంటే కారు మాదే, అదీ చవగ్గా. నోరు విప్పితే వాకిట్లోంచి గెంటేస్తాడు, సోమవారం ఉద్యోగం పోతుంది. నా జన్మలో ఎన్ని అబద్ధాలు పట్టుకున్నానో! ఎదుటివాడి అబద్ధం మాత్రమే పట్టుకున్నానని అప్పుడే తెలిసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"మీరు కాదు, సెవెరిన్ గారూ. నేను. నా గుడ్డ కంకరలో పడింది, దానితోనే తుడిచాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మంచివారు. ముసలాడు బాధపడుతున్నాడని అలా అంటున్నారు. జాలి వద్దండీ."

"జాలీ లేదు, గీలీ లేదు! నేనే చేశాను!"

"వద్దండీ. నాకు తెలుసు."

ఎవరి మాటా నమ్మని నేను, నా మాట నమ్మమని ఒక మనిషిని బతిమాలాల్సి వచ్చింది. జేబులోంచి గుడ్డ తీసి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను. "తడిమి చూడండి."

చూశాడు. గుడ్డ మడతల్లో బొటనవేలు తిరిగింది, ఒకచోట ఆగింది. రాతి ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు. చాలాసేపు నలిపాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయి," అన్నాడు.

నేను తల వంచుకున్నాను. తిట్టమని కోరుకున్నాను గానీ ఆయన తిట్టలేదు. బోగ్నా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మాయీ," అన్నాడు సెవెరిన్ ఫోను తీసి దాని చేతిలో పెడుతూ, "పన్నెండింటికి వచ్చేవాడి నంబరు ఇందులో ఉంది, నాకు కనిపించదు. కారు అమ్ముడైపోయిందని చెప్పు. ధర మాత్రం పైసా తగ్గదు. మీ నాన్న చేతికి మాత్రం గుడ్డ ఇవ్వకు."