సూర్యకళ దరఖాస్తు

చేపల పొలుసు గీకుతూనే సూర్యకళ సివిల్ సర్వీసుల చరిత్ర పాఠం అప్పజెప్పుకునేది. కంపెనీ దొరలు ఒడంబడిక రాసి కొలువులో చేరడం, పరీక్ష లండన్‌లోనే పెట్టి మనవాళ్లను ఓడెక్కి రమ్మనడం, స్వాతంత్ర్యం వచ్చాక ఆడవాళ్లను ఐఏఎస్‌లోకి తీసుకుంటూనే, పెళ్లి చేసుకుంటే రాజీనామా అడగొచ్చని రూలు రాసుకోవడం. డెబ్భై రెండులో ఆ రూలు తీసేశారు. అది విని అత్త అచ్చాయమ్మ, కాపురం ఉన్నదానికి జిల్లాలేలడమెందుకమ్మా అనేది. సూర్యకళ పైకి నవ్వేది. లోపల మాత్రం ఒళ్లు మండేది.

పోయినసారి నాలుగు మార్కుల్లో ప్రిలిమ్స్ పోయింది. ఈ అక్టోబరుకు ముప్పై అయిదు నిండుతాయి కాబట్టి, బీసీ లెక్కలో కూడా సివిల్స్‌కి ఇదే ఆఖరుసారి.

భర్త మురళీకృష్ణకు పాలకొల్లులో నెట్ సెంటరుంది. ఊళ్లోవాళ్లు సర్టిఫికెట్లూ ఫోనూ అతని చేతిలో పెట్టి బజారు పనులకు వెళ్లిపోతారు. తిరిగొచ్చాక అతనిచ్చిన ప్రింటు మడిచి సంచిలో పెట్టుకుంటారు. స్క్రీను చూపించమని అడగడం మర్యాద కాదనుకుంటారు. సూర్యకళా అడగలేదు. కట్టుకున్నవాణ్ణి అనుమానించడం ఎలాగ? ఫిబ్రవరిలో అతను తెచ్చిన ప్రింటుకు దణ్ణం పెట్టి మరీ దాచుకుంది.

మేలో పక్కింటి సాయిదుర్గకు హాల్ టికెట్ వచ్చింది. తనకు రాలేదు. సర్వర్ డౌన్ అన్నాడు మురళీకృష్ణ. సాయిదుర్గ తన ఫోన్‌లోనే సూర్యకళ ఖాతా తెరిచి చూపించింది. పేరు నమోదయి ఉంది. దరఖాస్తు మాత్రం పంపనేలేదు. ఆమె దాచుకున్నది ఉత్త నమోదు కాగితం.

ఆ మధ్యాహ్నమే సెంటరుకు వెళ్లింది. జనం ఉన్నారు, ఇంట్లో మాట్లాడుకుందాం అన్నాడతను. ఆమె కదల్లేదు. ఫీజు ఆగిపోయిందన్నాడు, పని ఒత్తిడిలో మర్చిపోయానన్నాడు. ఆమె నిలబడే ఉంది. అప్పుడు గొంతు తగ్గించాడు.

"మర్చిపోలేదు కళా. ఈసారి పాసైపోతావని భయమేసింది. నువ్వెక్కడో కలెక్టరువైతే నేనేంటి, మా అమ్మేంటి?"

ఫెయిలవుతుందని జాలిపడి ఆపి ఉంటే ఏడ్చేదేమో. ఎన్ని తెల్లవారుజాములు, ఎన్ని వంటల మధ్య చదువుకుంది. నీ వల్ల ఎక్కడవుతుందని చుట్టాలంతా అన్నారు, తనకే చాలాసార్లు అనుమానమొచ్చింది. పాసవుతుందని గట్టిగా నమ్మినవాడు లోకంలో ఈ మనిషొక్కడే అన్నమాట. నమ్మాడు గనకే గొంతు కోశాడు. పన్నెండేళ్లుగా పక్కన పడుకున్న మనిషిని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

సొరుగు లాగి తన సర్టిఫికెట్ల ఫైలు తీసుకుంది. ఇంటికే కదా వెళ్తున్నావు అన్నాడతను. ఎప్పుడూ ఇంట్లో తప్ప బయట గొంతెత్తని సూర్యకళ, బెంచీ మీద కూర్చున్న ఆడపిల్లలందరికీ వినబడేలా చెప్పింది.

"గ్రూప్ వన్‌కి నాకింకా వయసుందండి. అవతల వీధిలో అబ్బులు నెట్ సెంటర్లో పక్కనే కూర్చుని, దరఖాస్తు పంపేదాకా స్క్రీను చూసుకుంటాను. మీరూ చూసుకోండమ్మా."