నడిమి చిగురు

వర్ధన్నపేట చుట్టుపక్కల గోబీ వేసే రైతులకు తెలిసిన పేరు ఒక్కటే, సమ్మమ్మ నారు. ఇరవై ఏళ్లుగా అంతే. ఈ ఏడు సమ్మమ్మకు మోకాళ్లు పట్టేసి నారుమడి పక్కన కూర్చోవడమే కుదరలేదు. విత్తనం వేసింది, నీళ్లు చిలకరించింది, పురుగు ఏరింది అంతా కోడలు పద్మలత. అయినా వచ్చినవాళ్లు వచ్చినట్టే "సమ్మమ్మ నారేనా?" అని అడుగుతున్నారు. "ఔ, గదే" అని పద్మలత నవ్వుతూనే చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ లోపల చురుక్కుమంటోంది. చేతులు పగిలింది తనకు, పేరేమో అత్తకు!

పైగా ఈసారి చలి మామూలు చలి కాదు. డిసెంబరులో ఒక వారమైతే పొద్దున తొమ్మిదింటిదాకా మంచు విడవలేదు. పద్మలత ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ తెచ్చి, పొద్దు గూకకముందే పుల్లల మీదుగా మడులకు కప్పేది, ఎండ తగలగానే తీసేది. అవి చాలక పుట్టింటివాళ్లు పెట్టిన గులాబీరంగు చీర కూడా తెచ్చి పరిచింది. మొగుడు సదానందం అది చూసి "నాకు దుప్పటి కప్పమంటె ఇనవడది, గోబీకైతె కొత్త చీర కప్తవా" అని ఎగతాళి చేశాడు.

నారు బతికింది. కానీ చలి తన పని కొంత చేసే పోయింది. నూటికి పది మొక్కలు గుడ్డివయ్యాయి. గుడ్డి మొక్క అంటే నడిమి చిగురు లేనిది. చిగురుకు పోవలసిన సత్తువంతా ఆకులకే పట్టి, అది మిగతావాటికన్నా లావుగా, ముదురాకుపచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. పొలంలో పెడితే గొడుగంత పెరుగుతుంది. పువ్వు మాత్రం జన్మలో వేయదు. పద్మలత రెండు రోజులు కూర్చుని ప్రతి మొక్క నడుమా బొటనవేలితో తడిమింది. చిగురు తగలనిదాన్నల్లా పీకి గట్టు మీద పడేసింది.

మూడో రోజు మరిపెడ నుంచి యాకయ్య ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. సమ్మమ్మ దగ్గర ఏటా ఎకరానికి సరిపడా నారు తీసుకుపోయే పాత రైతు. ఆ పక్క ఊళ్లవాళ్లంతా ఆయన ఎక్కడ కొంటే అక్కడే కొంటారు. దిగీ దిగగానే ఆయన కళ్లు గట్టు మీది కుప్ప మీద పడ్డాయి.

"ఇదేంది బిడ్డా, మంచి నారంత ఈడ పెట్టినవ్? ఎవలికోసం దాస్తానవ్?"

"దాసుడేంది మామా, అవి గుడ్డియి. పీకి పారేసిన."

యాకయ్య ఒక మొక్క తీసి ఎండకు పట్టి చూశాడు. "గుడ్డియా? జర చూడు ఎంత బలంగున్నదో! మడిల ఉన్నయే పీలగున్నయి. నాకు ఇవే ఎక్కియ్యి."

"అవి ఇయ్య."

"నువ్వు ఈ ఇంటికి కోడలుగ రాకముందు సంది గోబీ పెడ్తాన్న. నాకు నారు చూసుడు నేర్పుతవా?" యాకయ్య గొంతు పెంచి, అరుగు మీద కుర్చీలో ఉన్న సమ్మమ్మ వైపు తిరిగాడు. "అక్కా! నీ కోడలికి జర చెప్పరాదు!"

పద్మలత కూడా అటే చూసింది. అత్త ఒక్క మాటంటే చాలు. సమ్మమ్మ ఏమీ విననట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. పద్మలతకు ఒళ్లు మండింది. యాకయ్య అలిగి పోతే మరిపెడ దిక్కు నుంచి ఇంక ఒక్క బండి రాదు. కోడలి చేతిలో పడగానే సమ్మమ్మ నారు పని అయిపోయిందంటారు. అది తెలిసీ ఆమె మెత్తబడలేదు.

"మామా, నువ్వు కొనకుండ పోయినా సరే. గుడ్డిదని ఎరికైనంక నా చేతులతోని నీ బండికి ఎక్కియ్య. నమ్మకపోతె ఇగో, ఇరవై మొక్కలు ఊకెనే పట్టుకపో. గట్టెంబడి ఒక సాలు పెట్టు. ఒక్కదానికన్న పువ్వేసిందా, వచ్చే చలికాలం నేను నారు పొయ్య."

"మాట మాటే గద?"

"మాటే."

యాకయ్య ముఖం ముడుచుకునే మడిలో నారు ఎక్కించుకున్నాడు. ఆ ఇరవై గుడ్డి మొక్కలను మాత్రం తన సీటు పక్కన పెట్టుకున్నాడు. ఆయన పోయాక పద్మలత అత్త ముందు చాయ్ గ్లాసు ఠక్కున పెట్టి లోపలికి పోయింది.

ఫిబ్రవరి చివర ఒక పొద్దున ఆ ట్రాలీ మళ్లీ వచ్చి ఆగింది. యాకయ్య ఒక చేతిలో పళ్లెమంత తెల్లటి గోబీ పువ్వు, ఇంకో చేతిలో వేళ్లతో సహా పీకిన మొక్క పట్టుకుని దిగాడు. ఆ మొక్క ఆకులు మోకాలిదాకా ఉన్నాయి. నడుమ బోసిగా ఉంది.

"ఇరవైకి ఇరవై, గింతే. మిగిలినయి బర్లు తిన్నయి" అని గోబీ పువ్వును పద్మలత చేతిలో పెట్టాడు. "నీ మడిల నారు మాత్రం ఒక్కటి తప్పు పోలే బిడ్డా. మా ఊళ్లె అందరు అడుగుతాండ్లు."

అంతలోనే వచ్చే ఏటికి నారు కావాలన్న పక్కూరి రైతు నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. "ఆ, ఓంప్రకాశ్! ఔ, ఈడనే ఉన్న. సమ్మమ్మ నారే..."

"ఏయ్ యాకయ్యా!" అరుగు మీంచి సమ్మమ్మ కేక వేసింది. "అబద్ధమెందుకాడ్తవ్? ఆ రోజు నేను నోరు తెరిస్తె ఇచ్చెయ్యమనేదాన్ని. నువ్వు అలుగుతవని నాకు మొదటి సంది భయం. ఓసారి గట్లనే గుడ్డియి ఇచ్చి, పువ్వు రాకపోతె తప్పు ఎండల మీదికి నెట్టిన. అందుకే ఆ రోజు నోరు మూసుకున్న. అది నా నారు కాదు. ఎవల్దో సక్కగ చెప్పు."

యాకయ్య ఫోన్ చెవికి పెట్టుకునే పద్మలత వైపు తిరిగాడు. పద్మలత పువ్వును గుండెకు హత్తుకుని అత్త వైపు చూసింది.

"హలో... ఆ, ఉన్న" అన్నాడు యాకయ్య ఫోన్‌లో. "సమ్మమ్మ కాదు. పద్మలత. పద్మలత నారు. ఆ, రాసుకో."