మా ఇంటి ఆచారం

మా మామగారు కొండల్ రావు గారు పెద్దమనిషి. ఈ మాట నేనన్నది కాదు, తెలుగు అసోసియేషన్ వాళ్లు ఆయనకు శాలువా కప్పినప్పుడు అన్నది. మన సంస్కృతి, మన విలువలు అంటూ ఆయన మైకు పట్టుకుంటే వెనక వంటలు చల్లారిపోతాయి. వరంగల్లులో నీటిపారుదల శాఖ ఇంజినీరుగా రిటైరై, గ్రీన్ కార్డు మీద మా దగ్గరికి వచ్చారు. మా ఇల్లు లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన కొండ మీద ఉంది. నేను ఫార్మసీకి, మా ఆయన ఫణి ఆఫీసుకి వెళ్లిపోతే, కారు నడపడం రాని మనిషికి పగలంతా ఖాళీ.

ఆ ఖాళీలో ఆయనకో ఆలోచన వచ్చింది. షూటింగులకి ఇళ్లు అద్దెకిప్పించే వెబ్‌సైటులో మా ఇంటి ఫొటోలు పెట్టారు. స్విమ్మింగ్ పూల్ చూసి మొదట ఒక సబ్బు కంపెనీ వాళ్లు వచ్చారు. ఆ యాడ్‌ని మామగారు మాకు పదిసార్లు చూపించి మురిసిపోయారు. తర్వాత గ్యారీ అనే డైరెక్టర్ రావడం మొదలుపెట్టాడు. అతని యాడ్ మాత్రం ఎప్పుడూ చూపించలేదు. అడిగితే పరుపుల యాడ్ అన్నారు. ఒక పరుపు గురించి చెప్పడానికి ఇన్ని వారాలా అని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

గ్యారీకి ఆయన గట్టి షరతులే పెట్టారు. గడప బయటే చెప్పులు విప్పాలి. వంటింట్లోకి బీఫ్ తేకూడదు. పూజగది వైపు కెమెరా తిప్పకూడదు. గ్యారీ అన్నిటికీ తలూపాడు.

పగలంతా కూతురి ఇంట్లో మనవల్ని చూసుకునే మా అత్తగారు ఆ వసంతంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. ఇంటినిండా జనం. సరిగ్గా కథ మధ్యలో కింది టాయిలెట్ పొంగింది. ప్లంబర్‌ని పిలుద్దామంటే మామగారు ఒప్పుకోలేదు. అంత పెద్ద కాలువలు తవ్వించిన నాకు ఈ పైపొక లెక్కా అని, ఒక హ్యాంగర్ తీగ సాగదీసి లోపలికి దోపారు. వెనకాల అసోసియేషన్ ప్రెసిడెంటు వీరభద్రరావు గారు పట్టుపంచెలో నిలబడి సలహాలిస్తున్నారు. తీగ చివర వేలాడుతూ ఒకటి కాదు, మూడు కండోములు బయటికొచ్చాయి.

"బెలూన్లు," అన్నారు మామగారు. "పిల్లలు ఏసినట్టున్నరు."

"అవునవును, బెలూన్లే," అన్నారు వీరభద్రరావు గారు, పంచె పైకెత్తి పట్టుకుని. మనవల్ని ఎత్తుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఎంత తేలిగ్గా అబద్ధమాడారో.

ఆ రాత్రే ఫణిని కూర్చోబెట్టి, ఆ పరుపుల మీద జరిగేదేమిటో విడమర్చి చెప్పాను. నాన్నతో మాట్లాడతానని ఫణి లేచాడు. మర్నాడు మామగారే నా దగ్గరికొచ్చి, "గ్యారీతోని మాట్లాడిన బిడ్డా. ఇగ ఆ సమస్య లేదు," అన్నారు. షూటింగులు మాన్పించారనుకున్నాను. ఆయన మాటకి నేనంత మంచి అర్థం తీసుకోవడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి.

నెల తిరక్కుండానే ఒకరోజు తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. వాకిట్లో రెండు వ్యాన్లు. హాల్లో లైట్లు బిగిస్తున్నారు. వంటింట్లో ఒకామె టవల్ గౌను వేసుకుని, ఉత్త కాళ్లతో నిలబడి నీళ్లు తాగుతోంది. ముప్పై దాటి ఉంటాయి. నన్ను చూడగానే గ్లాసు పెట్టి రెండు చేతులూ జోడించింది. గ్యారీ నేర్పాడట. పేరు డెనీస్ అని చెప్పింది.

"మీ పద్ధతులన్నీ చెప్పాడు. ఏదైనా తప్పు చేస్తే చెప్పండి," అంది ఇంగ్లీషులో. తర్వాత కాస్త తడబడి, "ఒక్కటి మాత్రం నాకు కష్టంగానే ఉంది. నేను కండోమ్ లేకుండా ఎప్పుడూ చేయను. నా ఫ్రెండ్ ఒకామె, టెస్ట్ రిపోర్టు క్లీన్‌గా ఉన్నవాడే కదా అని ఒప్పుకుంది. వాడికి అప్పటికే హెచ్‌ఐవీ ఉంది, టెస్టులో ఇంకా బయటపడలేదు. ఇప్పుడు ఆమెకీ ఉంది. అప్పట్నుంచి నేను ఎవరికీ ఒప్పుకోలేదు," అంది.

"మరి ఇవాళ?"

"ఇవాళ మీ ఇల్లు కదా. అలాంటివి ఇంట్లోకొస్తే మీ మతంలో అపవిత్రం అట. దేవుడి గది ఉన్న ఇల్లని గ్యారీ చెప్పాడు. ఒకళ్ల మతాన్ని తక్కువ చేయకూడదని మా అమ్మ చెప్పేది. ఒక్కరోజే కదా అని సరేనన్నాను."

నాకు తలనొప్పి మాయమైంది. దాని చోట కోపం వచ్చి కూర్చుంది. అంతకు ముందు నవంబరులోనే మా కౌంటీ జనం ఓట్లేసి, ఇలాంటి బూతు సినిమాల్లో కండోమ్ వాడి తీరాలని చట్టం చేశారు. గ్యారీకి ఆ చట్టం మింగుడుపడలేదు. కండోమ్ కనిపిస్తే బొమ్మ అమ్ముడుపోదని అతని ఏడుపు. దాన్ని తప్పించుకోవడానికి అతనికి ఒక దేవుడు కావలసి వచ్చాడు. మా మామగారు మా దేవుణ్ణి అప్పిచ్చారు.

మామగారు గరాజ్‌లో మడతకుర్చీ వేసుకుని, ఐప్యాడ్‌లో పేపరు చదువుకుంటున్నారు. ఇంట్లో ఏం జరుగుతోందో తెలియకుండా ఉండటానికి అది ఆయన ఎంచుకున్న చోటు.

"మామయ్యగారూ, గ్యారీతో ఏం చెప్పారు మీరు?"

"ఏం జెప్పిన? రబ్బరు సామాను ఇంట్లకు రావద్దు, దేవునర్ర ఉన్న ఇల్లు, మా ఆచారం గాదని చెప్పిన. మల్ల పైపు జామయితే ఎవలు తీస్తరు?"

"చెత్తబుట్టలో వేస్తారు. లేదా వాళ్ల సంచీలోనే పట్టుకుపోతారు."

"చెత్తబుట్ట ఎవలన్న చూస్తే? వీరభద్రరావు పొద్దుగాల వాకింగుకు ఇటే వస్తడు."

"లోపల ఉన్నామెకి రోగం అంటుకుంటే?"

"ఎవలామె?" అన్నారు, కళ్లజోడు పైనుంచి చూస్తూ. "పరుపుల యాడ్ల రోగమేందమ్మా?"

"మీరు లోపలికొచ్చి, వాడుకోవచ్చని ఒక్కమాట చెప్పండి. చాలు."

"దేనికి ఒప్పుకుంటున్ననని చెప్పాలె? నేనేం జూడలే. నాకేం తెల్వది." మళ్లీ పేపర్లోకి తల దూర్చారు. ఒప్పుకుంటే తెలుసని తేలిపోతుంది. ఆమె బతుకు పోయినా సరే, తనకి తెలియకుండా ఉంటే చాలు. ఇంత పిరికి మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు, పదేళ్లుగా ఆయన కాళ్లకి దండం పెడుతున్నాను.

ఫణికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నాడట. "ఇవాళ్టికి వదిలెయ్ ఇంద్రజా. నాన్నకి బీపీ కదా," అన్నాడు. వంశం మారలేదు.

లోపలికి వచ్చేసరికి గ్యారీ హాల్లోంచి, ఐదు నిమిషాల్లో మొదలుపెడదామని కేకేస్తున్నాడు. డెనీస్ వంటింట్లోనే ఉంది. గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది.

"మా మతంలో అలాంటిదేం లేదు," అన్నాను.

"మరి?"

"వాటితో ఒకసారి మా టాయిలెట్ జామయింది. మా మామగారికి పరువు పోతుందని భయం. అందుకని వద్దన్నారు."

సిగ్గేసింది నాకు. తెలిసినవాళ్లు కనిపిస్తే కండోమ్ ప్యాకెట్టు పక్కన పెట్టేసి చూయింగ్ గమ్ కొనుక్కుపోయే మగాళ్లని ఫార్మసీలో రోజూ చూస్తాను. వాళ్లని చూసి నవ్వుకోవచ్చు. ఈమె ముందు నవ్వడానికేం లేదు.

"అంటే ఇందాకట్నుంచి నేను గౌరవిస్తున్నది మీ పైపునా?" అంది.

"అవును."

ఆమె నేరుగా హాల్లోకి నడిచింది. నేనూ వెళ్లాను. కండోమ్ లేకుండా చేయనంది ఆమె. గ్యారీ నావైపు చెయ్యి చూపించి, ఇంటివాళ్ల ఆచారం అన్నాడు. ఇల్లు నాది, మాకలాంటి ఆచారం లేదు, వాడుకోండి అన్నాను. గ్యారీ తన మనుషుల వంక చూశాడు. అంతమందిలో ఎవరి దగ్గరా ఒక్కటి కూడా లేదు. తెచ్చే ఉద్దేశం ఉంటే కదా. డెనీస్ బట్టలు మార్చుకుని వెళ్లిపోయింది. మీరూ సర్దుకోండి, మళ్లీ రావద్దు అని గ్యారీతో చెప్పాను.

వ్యాన్లు కదులుతున్న చప్పుడుకి మామగారు గరాజ్‌లోంచి బయటికి వచ్చారు. "ఏమాయె బిడ్డా, గప్పుడే అయిపోయిందా యాడు?"

"అయిపోయింది మామయ్యగారూ," అన్నాను, గొంతు తగ్గించకుండా. "కండోమ్ లేకుండా పడుకోనని ఆమె వెళ్లిపోయింది."

ఆయన నావైపు చూడలేదు. ఆమె వెళ్లిన వైపూ చూడలేదు. ఆ మాట ఎవరి చెవినన్నా పడిందేమోనని వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసి, గరాజ్ తలుపు దించేశారు.