తువాలు చుట్టిన ముఖం

కుర్చీలో కూర్చున్న పిల్ల జుట్టంతా వెనక్కి దువ్వి, తలకు తువాలు బిగించింది మానస. ఎవరొచ్చినా ముందు చేసే పని అదే. జుట్టు పక్కకు పోతే గానీ ముఖం ఏ తీరుదో తెలియదు. అద్దంలో గుండ్రటి బుగ్గలు, పెదాల కింద పొట్టి గదవ తేలాయి.

"మొకం జూడు, పుల్కా పొంగినట్లు," అంది పక్కన నిలబడ్డ తల్లి. దోమకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారిద్దరూ. పిల్లకు ఎల్లుండి నిశ్చితార్థం.

"నువ్వు బయట కూసో అమ్మా," అని పిల్ల ఫోన్లో ఫోటో చూపించింది. "అక్కా, గిట్ల గదవ దాక కొయ్యి."

"గదవ దాక కోస్తే బుగ్గలు ఇంకింత కనవడ్తయి చెల్లె. భుజం దాటనిద్దాం. పాపిట పక్కకు తీస్త, నెత్తి మీద జర ఎత్తు పెడ్త. మొకం పొడుగు కనవడ్తది."

పిల్ల అద్దంలో మానసనే చూసింది. "అయితే నీకున్నట్లే కొయ్యి."

చివరికి అందరూ అనే మాటే. కామారెడ్డిలో సుధారాణి నడిపే ఆ పార్లర్‌కు మానస జుట్టే బోర్డు. వెడల్పు నుదుటి మీదికి జారి, కోసు గదవ దగ్గర వంపు తిరిగేలా సుధారాణే కోసింది. చదువు పదో తరగతిలో ఆగిపోయాక, పెళ్లయి పిల్ల పుట్టాక, ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చి నేర్చుకున్న పని ఇది.

కత్తెర ఆడుతున్నా చెవి ఫోను మీదే ఉంది. పొద్దున కూతురు ఆశ్రిత ఒళ్లు వెచ్చగా తగిలింది. చలికాలంలో ఆ పసిదానికి జ్వరంతో ఫిట్స్ వచ్చినప్పుడు, ఆస్పత్రి మెట్ల మీద కూలబడి వేములవాడ రాజన్నకు మొక్కుకుంది మానస: బిడ్డ కళ్లు తెరిస్తే తన తలనీలాలు మొత్తం ఇస్తానని. పైకి అనలేదు. రేపే మొక్కు తీర్చే ప్రయాణం. కొసలు మూడుసార్లు తుంచి ఇస్తే చాలంటుంది అత్త సుభద్రమ్మ. "ఆడోళ్లకు మూడు కత్తెర్లే బిడ్డా." నిన్న మానస కూడా సరేననుకుంది. తెల్లారేసరికి పిల్ల ఒళ్లు కాగింది.

ఫోను మోగింది. కత్తెర ఆగింది.

"ఏంది నీ బుగులు?" అంది అత్త. "దవడ పండ్లొస్తున్నయ్, గంతే. బిస్కెట్లు తింటుంది."

"ఒళ్లు పట్టి చూడున్రి అత్తమ్మా."

"చూసిన. నీ చెయ్యే ఎప్పుడూ కాలుతది."

కోత అయిపోయింది. దోమకొండ తల్లి కూతుర్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగున్నది. జర మా అత్త లెక్క కనవడ్తుంది, గదే బాధ."

అన్నాలు తినేటప్పుడు మానస చెప్పింది. "అక్కా, రేపు నేను గుండిస్త."

సుధారాణి ముద్ద కలపడం ఆపింది. "మూడు కత్తెర్లియ్యరాదే? నువ్వేం మొక్కినవో ఎవలికి ఎరుక?"

"నాకెరుక కదక్కా."

"గుండు పెట్టుకొని, నీకిది సూటైతదంటే ఎవలన్న నమ్ముతరా? జుట్టొచ్చినంక రా. గానీ అన్ని నెలలు కుర్చీ ఖాళీ ఉంచలేను మానస. ముందే చెప్తున్న."

మానస తల ఊపింది.

సాయంత్రం నేల మీది వెంట్రుకలు ఊడ్చి, ఆరేసిన తువాలు తీసుకుని తన తలకే బిగించుకుంది. అద్దంలోకి చూసింది. విశాలమైన నుదురు, కోసు గదవ. ఏ కోత నప్పుతుందో చెప్పబోయే నోరు ఆగిపోయింది. పుట్టెంట్రుకలు తీయించిన నాడు ఆశ్రిత అచ్చం ఇట్లాగే ఉంది.

తువాలు విప్పి మడత పెట్టింది. సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగుతుంటే సుధారాణి పిలిచింది.

"నీ దువ్వెన మర్చిపోయినవ్."

"ఉండనియ్యక్కా. ఇప్పుడు నాకేం పని."

బస్సు హారను వినిపించి మానస పరుగందుకుంది. అద్దం ముందు సన్నతోక దువ్వెన, దాని పళ్లలో చిక్కిన ఒక పొడుగు వెంట్రుక, ఫ్యాను గాలికి లేస్తూ, పడుతూ.